ఆరోగ్యవంతుల గీత

పెదమొగ రేవులో శుక్రవారం అంటే ఊరందరికీ పెద్ద పడవలు తిరిగొచ్చే రోజు. సువర్చలకు మాత్రం గుడ్లు ఉడకబెట్టే రోజు.

లెక్కగా పన్నెండు గుడ్లు. ప్రయోగానికి రక్తం ఇచ్చినవాళ్ళకు ఏదో ఒకటి తినడానికి పెట్టాలని నియమం. కాగితాల్లో బిస్కెట్లని రాసుంది. "బిస్కెట్లు చంటోళ్ళకండి. నెత్తురు తీసినోళ్ళకి గుడ్డెట్టాలి" అని మొదటి వారమే అబ్బులు మేస్త్రీ తేల్చిపారేశాడు. ఆ రోజు నుంచి ఆమె తన క్వార్టర్స్‌లోనే స్టవ్ మీద గుడ్లు పెట్టి, స్టీలు డబ్బాలో వేసుకుని, ఉప్పూ మిరియాల పొడీ విడిగా పొట్లం కట్టుకుని ల్యాబుకు తెచ్చేది. ఒక మనిషి కోసం వండుకోవడం మూడేళ్ళ నుంచి ఆవిడకు విసుగ్గానే ఉంది. పన్నెండుమంది కోసం గుడ్లు ఉడకబెట్టడంలో మాత్రం ఎప్పుడూ విసుగు రాలేదు.

సువర్చలకు నలభై ఆరేళ్ళు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ప్రోటీన్ల మీద పనిచేస్తూ, ఈ రేవు ఆసుపత్రి వెనకున్న రెండు గదుల ల్యాబుకు వచ్చింది. పెళ్ళి ఊసు ఎప్పుడో వెనకబడిపోయింది. అమ్మ పోయాక ఫోను చేసేవాళ్ళూ తగ్గారు. ఉండేది ఆసుపత్రి క్వార్టర్స్ పై అంతస్తులో. ఎండు చేపల వాసన పడక వచ్చిన రోజునే కిటికీలు బిగించి, ఏసీ పెట్టించుకుంది. ఇంటి నుంచి ల్యాబుకు నలభై అడుగులు. ల్యాబుకూ కిటికీలు బిగించే ఉంటాయి, అది యంత్రాల కోసం. దాంతో ఊళ్ళో ఆవిడకు 'కిటికీలు తెరవని డాక్టరమ్మ' అని పేరు పడింది. పేరు పెట్టినవాళ్ళలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, పలకరించడానికి ఇంకేమీ దొరకలేదంతే.

శుక్రవారం తొమ్మిదింటికి ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, అబ్బులు తన పదకొండుమందినీ వెంటబెట్టుకొచ్చేవాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. గట్టి కర్రలాంటి ఒళ్ళు. భుజం మీద ఎప్పుడూ ఒక తడి తువ్వాలు. ఫ్యాక్టరీలో అమ్మోనియా గ్యాసు లీకై ఆ గాటు తగిలితే ఆ తువ్వాలు పళ్ళతో కరిచిపట్టుకుని లోపలికి నడవడం వాళ్ళ పద్ధతి. ముప్పై రెండేళ్ళుగా అదే పద్ధతి.

"ఆయ్, ఒచ్చేశామండి. మీ దోమల పని మొదలెట్టండి" అనేవాడు గుమ్మంలోంచే.

సలోమి అనే టెక్నీషియన్ అమ్మాయి ఒక్కొక్కళ్ళ వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను వేలెడు కాగితపు పట్టీ మీద వేసేది. పట్టీని టిఫిన్ డబ్బా అంత పెట్టెలో దూరిస్తే మూడు నిమిషాలకు దాని మీద ఒక అంకె, ఒక రంగు వచ్చేవి. నలభై లోపు పచ్చ, నలభై దాటితే ఎరుపు. ఆ పెట్టె పేరు 'కావలి'. సువర్చల పదకొండేళ్ళ పని అందులో ఉంది.

"ఇంతకీ ఇదేం చేస్తదో ఒకసారి మాకర్థమయ్యేలా చెప్పండమ్మా" అని అడిగాడు అబ్బులు ఒక శుక్రవారం, గుడ్డు పెంకు ఒలుస్తూ.

"ఊపిరితిత్తులకు గాటో, విషమో తగిలిందనుకోండి. మనకు వెంటనే తెలీదు. ఆయాసం మొదలయ్యేసరికి ఆరేడు గంటలు పడుతుంది. అప్పటికి లోపలంతా నీరు చేరిపోతుంది, చెయ్యి దాటిపోతుంది. కానీ రక్తంలో తెల్లకణాలుంటాయి, వాటికి ముందే తెలుస్తుంది. దెబ్బ తగిలిన చోటికి పరిగెత్తి అక్కడ ఒక ప్రోటీన్‌ను కక్కుతాయి. అది గంటలోపే వేలి రక్తంలో దొరుకుతుంది."

"అంటే మనం నిద్ర లేవకముందే కుక్క మొరిగినట్టు."

"అచ్చంగా అంతే మేస్త్రీగారూ."

"మరి మాది మొరుగుతుందా?"

"మీది ముప్పై ఎనిమిది. పచ్చ. మీ కుక్క హాయిగా పడుకుంది."

పన్నెండుమందీ గొల్లున నవ్వారు. అబ్బులు తన పచ్చ పట్టీని సలోమి దగ్గర అడిగి తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ప్రతివారం తీసుకెళ్ళేవాడు. ఎందుకని అడిగితే, "మా ఆవిడకి చూపించాలండి. మొగుడు గట్టోడని ఆవిడకి తెలియద్దేంటి?" అనేవాడు. వెళ్ళబోయే ముందు మటుకు ఒక మాట తప్పకుండా విసిరేవాడు.

"మా నెత్తురు బిందెలు బిందెలు తోడేశారు. మీదెప్పుడు తీయించుకుంటారండీ?"

"నాది తీయకూడదండీ. పరీక్ష తయారుచేసేవాళ్ళ రక్తం పరీక్షలో కలవకూడదని నియమం."

"ఆయ్! వంట చేసినోళ్ళు ఉప్పు చూడకూడదన్నమాట. మహా గొప్ప నియమం."

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక వరండాలో పెంకులు ఊడ్చేది సువర్చలే. ఆయాను పిలిస్తే వస్తుంది, పిలిచేది కాదు. ఆ పెంకులు ఊడ్చాక మళ్ళీ శుక్రవారం దాకా ఆవిడతో పనిలేని మాట మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు.

అసలు ఈ ఐసు ఫ్యాక్టరీవాళ్ళు ప్రయోగంలోకి ఎలా వచ్చారో చెప్పుకోవాలి, కథంతా అక్కడే ఉంది. రోగిని గుర్తుపట్టాలంటే ముందు ఆరోగ్యవంతుడు ఎలా ఉంటాడో తెలియాలి. అరవైమంది ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించి, వాళ్ళలో ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో చూసి, అక్కడ గీత గీస్తారు. ఆ అరవైమందినీ మూడు వేరు వేరు చోట్ల నుంచి తీసుకోవాలని రాసుకున్నది సువర్చలే. కానీ పెదమొగలో వేటకెళ్ళే మగవాడు ఒంటి నెత్తురు ఒడ్డున వదలడు. వదిలితే సముద్రం మిగతాది అడుగుతుందని వాళ్ళ నమ్మకం. మగాళ్ళు ఇవ్వనిదే ఆడవాళ్ళు ఇవ్వరు. ఆవిడ రెండు నెలలు గుమ్మం గుమ్మం తిరిగి, కాళ్ళు లాగి కూర్చుంది. అప్పుడొచ్చాడు అబ్బులు. "మేం సముద్రంలోకెళ్ళేవోళ్ళం కాదు కదండీ, మాకా పట్టింపు లేదు. ముప్పై రెండేళ్ళలో ఒక్కరోజు మంచం ఎక్కలేదు నేను. తీసుకోండి" అని చెయ్యి చాపాడు. పొరుగు ఫ్యాక్టరీలు రెండింటి నుంచి కూడా మనుషుల్ని పోగేసి అరవై నింపేశాడు. వాళ్ళలో పన్నెండుమంది, అంకె వారం వారం ఎలా ఊగుతుందో చూడటానికి, శుక్రవారం శుక్రవారం వస్తూనే ఉన్నారు.

లోపలి ఊళ్ళకు కూడా వెళ్ళాలి. తొమ్మిది కిలోమీటర్లు దాటితే పచ్చటి పొలాలు, రక్తం ఇవ్వడానికి పేచీ పెట్టని రైతులు. వెళదాం, వచ్చేవారం వెళదాం అనుకుంటూనే గడిచిపోయింది. నిజం చెప్పాలంటే వెళ్ళబుద్ధి కాలేదు. కొత్తవాళ్ళ ముఖాలు చూడాలి, కొత్తగా నమ్మించాలి. ఇక్కడ వరండాలో పన్నెండుమంది ఆవిడ కోసం వచ్చి కూర్చుంటున్నారు. వాళ్ళు ఆరోగ్యవంతులు కాకపోతే ఇంకెవరు? గీత నలభై దగ్గర పడింది. హైదరాబాదులో ప్రొఫెసర్ చక్రపాణి సంతకం పెట్టారు. వచ్చే నెలలో తొమ్మిది రేవుల్లో కావలి పెట్టెలు పెట్టాలని నిర్ణయమూ అయిపోయింది.

ఆ తర్వాత ఒక మంగళవారం ఉదయం ఏడింటికి అబ్బులు పనిచేసే ఫ్యాక్టరీలో గొట్టం అతుకు ఊడిపోయింది.

గాటు ఎంత ఘాటుగా వచ్చిందంటే, బిగించిన కిటికీల వెనక సువర్చల గదిలోకే ఒక సన్నటి మంట వచ్చింది. ఆవిడ గబగబా కిందికొచ్చేసరికి ఆసుపత్రి ముందు ఆటోలు, మోటారుసైకిళ్ళు, ఏడుపులు. గొట్టం పక్కనే ఉన్న, కొత్తగా పనిలో చేరిన ఇద్దరు కుర్రాళ్ళకు ముఖాలు కాలిపోయాయి. వాళ్ళ పట్టీలు ముదురు ఎరుపుగా వచ్చాయి. తొంభై ఆరు, నూటపది. వాళ్ళను అంబులెన్సులో కాకినాడ పంపేశారు. అబ్బులు మనుషులు పదకొండుమందీ ఆ వేళకు రేవులో పడవలకు ఐసు ఎక్కిస్తూ తప్పించుకున్నారు. గాటు తగిలినవాళ్ళలో ఇక మిగిలింది పద్నాలుగుమంది. ఫ్యాక్టరీ గోడవారన చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, వల బాగుచేసుకునే ఇద్దరు ముసలాళ్ళు, చివరగా అబ్బులు. ఆ గాటులో తడి తువ్వాలు నోట కరుచుకుని లోపలికి నడిచి, వాల్వు కట్టేసి బయటికొచ్చింది ఆయనే.

కళ్ళు ఎర్రబడ్డాయి, కాస్త దగ్గుతున్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఆసుపత్రిలో ఉన్నవి పది మంచాలు. డ్యూటీ డాక్టరు సువర్చల వైపు చూశాడు. సువర్చల పెట్టె వైపు చూసింది. ఇరవై ఆరు, ముప్పై మూడు, ఇరవై ఎనిమిది, ముప్పై ఆరు. అన్నీ పచ్చే. అబ్బులుది ఎప్పటిలాగే ముప్పై ఎనిమిది.

"పచ్చేనా అమ్మా?"

"పచ్చే మేస్త్రీగారూ."

"బతికించారు. ఐతే లోపలంతా కడిగించాలండి, ఎల్లొత్తాను" అని పట్టీని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళూ చీర కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని వెనకే వెళ్ళారు. సువర్చల గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. పదకొండేళ్ళ కష్టం ఒక్క పొద్దుటికి అక్కరకొచ్చిందనుకుంది. గర్వపడింది కూడా.

పదిన్నరకు సలోమి బల్ల తుడుస్తూ, "మేడమ్, కవరు చింపిన పట్టీలు రెండు మిగిలాయి. పది నిమిషాల్లో వాడకపోతే పాడైపోతాయి" అంది.

ఒక్కో పట్టీ తయారీకి ఎంత పాటు పడాలో సువర్చలకు తెలుసు. పారేయడానికి మనసొప్పలేదు. పొద్దున్నుంచి ఇన్ని చూసింది కదా, పెట్టె సరిగ్గా ఉందో లేదో చూసినట్టూ ఉంటుందని, తన వేలికే సూది గుచ్చుకుంది. ముప్పై ఐదో, ముప్పై ఆరో వస్తుందనుకుంది. అందరిలాగానే.

ఆరు వచ్చింది.

పెట్టె పాడైందనుకుంది. రెండో పట్టీ మీద ఇంకో చుక్క వేసింది. మళ్ళీ ఆరు.

"సలోమీ, ఇంకో కవరు చింపు. నీ వేలు ఇలా ఇవ్వు."

"నాదెందుకు మేడమ్? నేను గాటు దగ్గరికే వెళ్ళలేదే. ఆరింటి నుంచి ఇక్కడే ఉన్నాను."

సలోమి ఐసు ఫ్యాక్టరీకి రెండు వీధుల అవతల పుట్టి పెరిగిన పిల్ల. అంకె పంతొమ్మిది.

సువర్చల కుర్చీలో కూలబడింది. ఎవరూ చెప్పకుండానే అంతా అర్థమైంది. ఆ అరవైమంది ఆరోగ్యవంతులు ఎప్పుడూ ఆరోగ్యవంతులు కారు. రోజూ కొద్దికొద్దిగా గాటు పీలుస్తూ, లోపల కొద్దికొద్దిగా కాలుతూ, అదే మామూలనుకుని బతుకుతున్నవాళ్ళు. ఆవిడ వాళ్ళ జబ్బును కొలిచి, దానికి ఆరోగ్యమని పేరు పెట్టి, దాని నెత్తిన గీత గీసింది. నిజమైన గీత పదికో పన్నెండుకో ఉండాలి. ముప్పై మూడు, ముప్పై ఆరు అంకెలు వచ్చిన ఆడవాళ్ళను పచ్చ అని ఇంటికి పంపేసింది. గాటు తగిలి అప్పటికి మూడున్నర గంటలైంది.

"దేవుడా! సలోమీ, లే. వాళ్ళందర్నీ వెనక్కి తేవాలి."

రేవులో చేపల వేలం మంచి ఊపు మీద ఉంది. సువర్చల మూడేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళలేదు. చెప్పులు చేపల నీళ్ళలో జారుతుంటే, వేలం పాడే ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

"పొద్దున ఆసుపత్రికొచ్చినవాళ్ళు పనులు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి! మీకు పచ్చ అని చెప్పాను. అది తప్పు!"

పేర్లు చదివింది. అక్కడి నుంచి చేపలు ఎండబెట్టే చోటికి పరిగెత్తితే, పోలేరమ్మ అనే ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఏటమ్మా ఇది? పొద్దున నువ్వే కదా పొమ్మన్నావ్. ఇప్పుడు నాకేం లేదు, సుబ్బరంగా ఉన్నాను. ఈ సరుకు ఎవరు తిరగేస్తారు, నీ పెట్టొచ్చి తిరగేస్తదా?"

"తప్పు పెట్టెది కాదమ్మా, నాది. నేను గీత తప్పు గీశాను. మీకిప్పుడు బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి ఉండదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రా."

సువర్చల నిజంగానే వంగింది. పోలేరమ్మ కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసి, "ఓలమ్మ, ఒద్దొద్దు, పదండెహె" అని తట్ట దించేసింది. ఆవిడ కదిలితే మిగతావాళ్ళు కదిలారు. పన్నెండు గంటలకల్లా పదముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. మంచాలు చాలక నేల మీద చాపలు పరిచారు. డ్యూటీ డాక్టరు ఆక్సిజన్ సిలిండర్ల కోసం నాలుగు ఊళ్ళకు ఫోన్లు చేశాడు. రెండు దాటాక ఒక్కొక్కరికీ ఆయాసం మొదలైంది. తొమ్మిదిమందికి ఎగశ్వాస వచ్చింది. అప్పటికే గొట్టాలు ముక్కులకు ఉన్నాయి కాబట్టి ఒక్కరూ పోలేదు.

పద్నాలుగోవాడు అబ్బులు. ఆయనకు పదకొండున్నరకే ఫోను చేసింది.

"ఇక్కడ నీళ్ళు కొట్టిస్తున్నానండి. ఏంటమ్మా, కంగారుగా ఉన్నారు?"

ఉన్నదున్నట్టు చెప్పింది.

"నాది పొద్దునెంతొచ్చింది?"

"ముప్పై ఎనిమిది."

"పోయిన శుక్కురారం?"

"ముప్పై ఎనిమిదే."

"మరింకేంటండి? కుక్క కొత్తగా మొరగలేదు కదా. ఆ ఆడోళ్ళకి అలవాటు లేదు, ముందాళ్ళని చూడండి. నేను పని చూసుకుని సాయంత్రం ఒత్తాను."

సువర్చల ఆలోచించింది. మాట సబబుగానే ఉంది. గీత తప్పయినా తేడా తప్పు కాదు. ఆయన అంకె అంగుళం కదల్లేదంటే కొత్త దెబ్బ తగల్లేదనేగా. పైగా వరండాలో చాపలు, ఏడుస్తున్న పిల్లలు, చాలని సిలిండర్లు. "సరే మేస్త్రీగారూ, జాగ్రత్త" అని పెట్టేసింది. ఆ 'సరే' అన్న మాట తర్వాత ఎన్నిసార్లు ఆవిడ చెవుల్లో మోగిందో చెప్పడం కష్టం.

నాలుగు గంటలకు ఆయన నడిచే వచ్చాడు. శుక్రవారం కూర్చునే చోటే, వరండా చివరి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"కొంచెం ఆయాసంగా ఉందండి. ఎండకనుకుంటా."

పెదాలు నీలంగా ఉన్నాయి. సువర్చల తానే సూది గుచ్చింది. మూడు నిమిషాలకు అంకె వచ్చింది. ముప్పై ఎనిమిది. ఎదురుగా మనిషి ఊపిరందక ఎగపోస్తుంటే పెట్టెలో పచ్చరంగు వెలుగుతోంది. అప్పుడు తెలిసింది ఆవిడకు. ముప్పై రెండేళ్ళు రోజూ మొరిగి మొరిగి ఆ కుక్క గొంతు పోయింది. అసలు దొంగ వచ్చిన రోజున మొరగడానికి దానిలో ఏమీ మిగల్లేదు.

"పచ్చేనా అమ్మా?" అన్నాడు అబ్బులు, కళ్ళు మూసుకునే.

ఆయన చెయ్యి పట్టుకుని అంబులెన్సు దాకా నడిచింది. మూడు రోజులకు, సరిగ్గా శుక్రవారం పొద్దున, కాకినాడ ఆసుపత్రిలో అబ్బులు పోయాడు.

ఆ సాయంత్రమే ప్రొఫెసర్ చక్రపాణి ఫోను చేశారు. మంచి మనిషే, పదకొండేళ్ళుగా ఆవిడ పనిని భుజాన మోసినవాడు. "సముద్రపు గాలికి పట్టీలకు చెమ్మ తగిలిందని రాయమ్మా. గీత నెమ్మదిగా సవరించుకుందాం. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే తొమ్మిది రేవుల పెట్టెలూ మూలన పడతాయి. కావలి పదముగ్గురిని కాపాడింది కదా."

"కావలి కాపాడలేదు సార్. వేలంపాట మైకు కాపాడింది. చెమ్మ తగిలింది పట్టీలకు కాదు. ఆ అరవైమందీ రోగులని నేను రాస్తాను. మూడు ఫ్యాక్టరీల పేర్లూ రాస్తాను."

"నీ పేరు పోతుంది సువర్చలా."

"పోనివ్వండి" అని రాసి పంపేసింది. పెట్టెలు వెంటనే ఆపేశారు. నెలాఖరుకు ల్యాబు మూసేయమని ఉత్తరం కూడా వచ్చింది.

అది తేలికైన పనే. కష్టమైన పని అబ్బులు ఇంటికి వెళ్ళడం. పదకొండో రోజు కర్మ అయిపోయాక వెళ్ళింది. ఆయన భార్య లోవమ్మ సన్నటి మనిషి, గడపలో కూర్చుని ఉంది. లోపల గోడకు అమ్మవారి క్యాలెండరు. దాని నాలుగు వైపులా అన్నం మెతుకులతో అంటించిన పచ్చ పట్టీలు. ఒక్కో శుక్రవారానిది ఒక్కోటి, నలభై మూడు పట్టీలు. చుట్టూ పచ్చటి తోరణం కట్టినట్టుంది.

"ప్రతి శుక్కురారం తెచ్చి అంటించేవోడండి" అంది లోవమ్మ. "దగ్గొచ్చినప్పుడల్లా నేను ఆసుపత్రికెళ్ళమంటే, అదిగో చూడు, డాక్టరమ్మ నన్ను గట్టోడని రాసిచ్చిందనేవోడు. ఆ పట్టీలు చూసుకునే నేనూ నోరు మూసుకున్నాను."

సువర్చల గడప ఇవతలే కూలబడి మొత్తం చెప్పేసింది. ఆ పచ్చరంగు ఆరోగ్యం కాదని, ఆయన ఒళ్ళు ఏడాది పొడవునా చెబుతూనే ఉందని, వినడం చేతకానిది తనకేనని, ఆ రోజు ఫోనులో 'సరే' అన్నది కూడా తానేనని. లోవమ్మ తిట్టినా బాగుండేది. లేచి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తర్వాతి శుక్రవారం సువర్చల పన్నెండు గుడ్లు ఉడకబెట్టింది. పదకొండు చాలని మధ్యలో గుర్తొచ్చింది, అయినా తీయలేదు. తొమ్మిది అయింది, పది అయింది, ఎవరూ రాలేదు. ఐసు ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పదకొండుమందికి పని పోయింది. ఆవిడ రాసిన కాగితం వల్లే పోయిందని ఊరంతా అనుకుంటోంది, అది అబద్ధమూ కాదు. బజారులో ఎదురుపడ్డవాళ్ళు తల తిప్పుకున్నారు. సలోమి కాకినాడలో ఇంకో ఉద్యోగం చూసుకుంది. ఆ పై శుక్రవారమూ అంతే. గుడ్లు డబ్బాలోనే చల్లారిపోయాయి. ఒక్కటైనా తినబుద్ధి కాక కుక్కలకు వేసింది.

ఆ రోజుల్లోనే రిజిస్టరు మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఆరోగ్యవంతులు అన్న మాట కింద ఉన్న అరవై పేర్లనూ ఒక్కొక్కటిగా కొట్టేసి, పక్క పేజీలో రోగుల కింద ఎక్కించింది. చివరకు ఆరోగ్యవంతుల పేజీలో ఆవిడ కొత్తగా ఎక్కించగలిగింది ఒకే పేరు, ఆరు అంకెతో. అది తనదే. రేవు మొత్తం మీద ఏ గాలీ తగలని మనిషి తానొక్కతే. దానికి కారణం ఏ బలమూ కాదు. మూడేళ్ళు కిటికీ తెరవకపోవడం. ఆవిడ ఆ పేజీ వైపు చాలాసేపు చూసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మెత్తగా కాదు, బావురుమని ఏడ్చింది. విని ఎవరైనా వస్తారన్న బెంగ కూడా లేదు.

మూడో శుక్రవారం గుడ్లు ఉడకబెట్టకూడదనుకుంది. మళ్ళీ చెయ్యి ఆగక నాలుగు వేసింది. ల్యాబు కిటికీలు రెండూ బార్లా తెరిచింది, యంత్రాలు ఎలాగూ ఆపేశారు కదా. ఎండు చేపల వాసన గుప్పున లోపలికొచ్చింది. తొమ్మిదింపావుకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

లోవమ్మ. చంకలో, చుట్ట చుట్టిన క్యాలెండరు.

కుర్చీ ఇస్తే కూర్చోలేదు. అబ్బులు కూర్చునే స్తంభం దగ్గర నేల మీద కూర్చుని, క్యాలెండరు పరిచింది.

"నాకు సదువు రాదండి. ఒక్కో పట్టీ కింద అసలు మాటేంటో రాయండి. పచ్చ కాదని రాయండి, మీ సంతకం పెట్టండి. ఫ్యాక్టరీవోళ్ళ మీద కేసేశారు మనోళ్ళు. ఆళ్ళ లాయరు, మీవోడు మొదట్నుంచీ గట్టోడే కదా, పచ్చ కాగితాలున్నాయి కదా అంటన్నాడంట. ఆయన ఏడాది పాటు ఎంత గట్టిగా ఉన్నాడో ఆళ్ళు చూడాల."

సువర్చల పెన్ను తీసుకుంది. నలభై మూడుసార్లు రాసింది. ఇది ఆరోగ్యం కాదు, గీత గీసినది నేను, తప్పు నాది. తేదీ, సంతకం. గంటన్నర పట్టింది. లోవమ్మ అంతసేపూ పక్కనే కూర్చుని, ఒక్కో పట్టీ మీదా వేలు పెట్టి చూపిస్తూ, ఆ వారం ఆయన ఏం చేశాడో చెప్పింది. ఇది మామిడికాయ పచ్చడి పెట్టిన వారం, ఇది మా తోడికోడలితో పేచీ పడ్డ వారం, ఇది రాత్రంతా దగ్గి పొద్దున నవ్విన వారం. ఎన్నడూ వినని కబుర్లు. సువర్చల రాస్తూ విన్నది, వింటూ రాసింది.

రాయడం అయ్యాక లోవమ్మ క్యాలెండరు చుట్టి పక్కన పెట్టి, చెయ్యి చాపింది.

"నాది కూడా తియ్యండి. ముప్పై రెండేళ్ళు ఆయన ఫ్యాక్టరీ బట్టలు ఉతికింది నేనే."

సలోమి లేదు. పెట్టెను వాడకూడదని ఉత్తర్వు. సువర్చల లోపలికెళ్ళి పెట్టె తెచ్చింది, సూది తానే గుచ్చింది. మూడు నిమిషాలు ఇద్దరూ రేవు వైపు చూస్తూ కూర్చున్నారు. అంకె ఇరవై తొమ్మిది. పెట్టెకు పాత గీతే తెలుసు కాబట్టి పట్టీ నిగనిగలాడుతూ పచ్చగా వచ్చింది.

"పచ్చేనా అమ్మా?"

అదే మాట, అదే వరుస. ఈసారి మాత్రం సువర్చల జవాబు మింగేయలేదు.

"కాదు లోవమ్మగారూ. పచ్చ కాదు. మీకు లోపల దెబ్బ ఉంది. రేపే కాకినాడ తీసుకెళతాను, నేనే దగ్గరుండి చూపిస్తాను."

లోవమ్మ తల ఊపింది. భయపడినట్టు లేదు. చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్నకు ఎవరో జవాబు చెప్పినట్టు ఊపిరి వదిలింది. తర్వాత స్టీలు డబ్బా వైపు చూసి, దగ్గరికి లాక్కుని మూత తీసింది.

"నాలుగే ఏసేరేంటండి?"

"ఎవరూ రారనుకున్నాను."

"వచ్చే శుక్కురారం పన్నెండూ ఎయ్యండి" అంది లోవమ్మ, ఒక గుడ్డు నేలకేసి కొట్టి పెంకు ఒలుస్తూ. "మిగతా పదకొండుమందికీ కూడా నిజం చెప్పాలి కదా."

ఒలిచిన గుడ్డును రెండుగా తుంచి, సగం ఆవిడ చేతిలో పెట్టింది.